పాలలో నీళ్లు కలపలేదు, ఆవులకు మేతే అందలేదు

ఈ పొద్దున మా పాల ఫ్యాట్ (వెన్న శాతం) మళ్లీ 3.8 వచ్చింది. పాలు పోసేచోట ఇచ్చిన ఆ చీటీ పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మాది పలమనేరు దగ్గర పల్లె. ఆరు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులున్నాయి. ఈ వేసవిలో పాత కొట్టం తీసేసి రేకుల షెడ్డు వేశాం. లోను, పునాది, రేకులు అన్నీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. మేస్త్రి మాత్రం, తొట్టి ఎందుకు, నున్నటి గచ్చు చేస్తే దానిమీదే గడ్డి వేసుకోవచ్చు అన్నాడు. సరే అన్నాం.

కొత్త షెడ్డులో కట్టేసిన పది రోజులకు ఫ్యాట్ 2.9కి దిగింది. పాలు పోసేచోట నలుగురూ వరుసలో ఉండగా, కొలిచే అతను "ఏమక్కా, నీళ్లు కాస్త ఎక్కువ పడ్డట్టుందే" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. పదహారేళ్లుగా పాలు పోస్తున్నాను, చెంబుడు నీళ్లు కలిపి ఎరగను. నీళ్లు కలిపితే ఫ్యాట్‌తో పాటు ఎస్ఎన్ఎఫ్, అంటే వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం, కూడా పడిపోతుంది. నా చీటీలో ఎస్ఎన్ఎఫ్ 8.4 అలాగే ఉంది. రెండంకెలూ పక్కపక్కనే ఉన్నా ఆ మనిషి చూడలేదు. ఆ రోజు ఖాళీ క్యానుతో ఇంటిదాకా తల ఎత్తకుండా నడిచాను. మూడు వారాలు ఇదే వరస. దాణా మార్చాం, మినరల్ మిక్చర్ పెట్టాం, అత్తమ్మ దిష్టి కూడా తీసింది.

ఒకరోజు రాత్రి రెండింటికి మెలకువ వచ్చి టార్చి తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. మా గౌరి ఆవు ముందు కాళ్లు మడిచి, మోకాళ్ల మీద ఆనుకుని, ఆవుల ముందు అడ్డంగా పెట్టిన ఇనుప పైపు కిందనుంచి మెడ సాచి నాలుక చాపుతోంది. నాలుక కొసకు మూరెడు దూరంలో గడ్డి కుప్ప! మెడ మీద వెంట్రుకలు ఒరుసుకుపోయి నున్నగా ఉంది. అన్ని రోజులూ అది ఈగల పని అనుకున్నాను.

ఆవు మూతితో కెలికి మెత్తటి ఆకు ఏరుకుంటుంది, మిగతాది ముందుకు తోసేస్తుంది. తొట్టి ఉంటే గోడ ఆపుతుంది, గచ్చు మీద ఆపేదేమీ లేదు. తొమ్మిదింటికి వేసిన గడ్డి పదకొండుకే అందకుండా పోతోంది, తెల్లారేదాకా పస్తు. ఆ ఆకలి మీద పొద్దున్నే దాణా ఆబగా మింగితే కడుపులో పులుపెక్కి ఫ్యాట్ పడిపోతుందని తర్వాత డాక్టరు గారు చెప్పారు.

ఆ రాత్రి చేతులతోనే గడ్డి దగ్గరకు లాగాను. ఆరు తలలూ ఒక్కసారి వంగాయి. ఆ నమిలే చప్పుడు వింటూ అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు పొడుగు కర్రకు పలక బిగించుకుని పగలు రెండు మూడు గంటలకోసారి, రాత్రి పదకొండుకు, మూడింటికి గడ్డి దగ్గరకు తోస్తున్నాం. గచ్చుకు అవతలి వైపు అడ్డుగోడ కట్టించాం. మెడ ఒరుసుకోకుండా పైపు కాస్త ముందుకు జరిపించాం. షెడ్డు కట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: మేత వేసే గచ్చు ఆవు నిలబడే నేల కంటే నాలుగైదు అంగుళాలు ఎత్తుండాలి. మేస్త్రిని అడక్కండి, రోజూ మేపే ఆడవాళ్లను అడగండి.

ఈ పొద్దున కొలిచే అతను చీటీ ఊరికే చేతికిచ్చాడు. అందరూ వినేలా గట్టిగా చదవమన్నాను. చదివాడు.