నువ్వు నడిస్తే భక్తి, నేను తొక్కితే తిక్కా?

మా పదిహేడేళ్ళ అమ్మాయి అడిగిన మాట ఇది. జూలై పున్నమికి దగ్గరగా వచ్చే శనివారం రాత్రి లండన్ నుంచి సఫోక్ సముద్రతీరం దాకా సైకిల్ మీద వెళ్తానంది. నేను వద్దన్నాను. "నీకు పదహారేళ్ళప్పుడు సింహాచలం కొండ చుట్టూ రాత్రంతా నడవలేదూ?" అని గుర్తుచేసి ఈ మాట అంది.

గిరిప్రదక్షిణ గురించి తనకి వందసార్లు చెప్పింది నేనే. ఆషాఢ చతుర్దశి నాడు కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరడం, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ చేరి సముద్రస్నానం చేయడం, దారి పొడవునా మజ్జిగా పులిహోరా పెట్టే చేతులు, మొత్తం 32 కిలోమీటర్లు. గొప్పగా చెప్పుకున్నాను. అదే నెల, అదే వెన్నెల, చివర్లో అదే సముద్రం. కాదనడానికి నా దగ్గర కారణం లేదు, భయం ఒక్కటే ఉంది. అందుకని వాదన ఆపి, ఈ ప్రయాణానికి ఏమేం కావాలో ఒక్కొక్కటీ తెలుసుకున్నాను. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలా అడిగి ఉంటే ఇది మీ కోసమే.

దీని పేరు డన్‌విచ్ డైనమో. ఊరి పేరు అలా రాస్తారు కానీ పలకడం మాత్రం డనిచ్ అనే. 1990ల మొదట్లో కొందరు సైకిలిస్టులతో మొదలైంది. హ్యాక్నీలోని లండన్ ఫీల్డ్స్ పార్కు దగ్గర సాయంత్రానికి జనం పోగవుతారు. ఎనిమిది, తొమ్మిది మధ్య ఎవరికి తోచినప్పుడు వాళ్ళు కదులుతారు. ఎపింగ్, గ్రేట్ డన్‌మో, ఫించింగ్‌ఫీల్డ్, సడ్బరీ, నీడమ్ మార్కెట్, ఫ్రామ్లింగమ్ మీదుగా డన్‌విచ్ బీచికి సుమారు 180 కిలోమీటర్లు. సడ్బరీ దగ్గరికి దాదాపు సగం దారి. పెద్ద కొండలేవీ లేవు, ఎడతెగని చిన్న ఎత్తుపల్లాలే.

మన తల్లిదండ్రులు మొదట అడిగేది "ఎవరు నడుపుతున్నారు?" అని. ఎవరూ నడపరు. రిజిస్ట్రేషన్ లేదు, ఫీజు లేదు, నంబరు లేదు. వెనక పడ్డవాళ్ళని ఎక్కించుకునే బండి లేదు, డాక్టరు లేడు. పిల్లకి మెకానిక్కూ వంటమనిషీ దారి చూపేవాడూ అన్నీ తనే. ఇది ముందే గట్టిగా చెప్పాలి. మన పిల్లలు స్కూలు ట్రిప్పులకి అలవాటుపడి, ఏదైనా అయితే ఎవరో ఒక పెద్దవాళ్ళు చూసుకుంటారన్న ధీమాతో ఉంటారు.

దీపాల సంగతి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు, ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలన్నది ఇక్కడి చట్టం. 1985 అక్టోబరు 1 తర్వాత తయారైన సైకిలైతే పెడళ్ళకి కాషాయరంగు రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి. ఊళ్ళో స్కూలుకి వాడే లైటు ఇతరులకి మనల్ని చూపించడానికే పనికొస్తుంది, మనకి దారి చూపించదు. ఎసెక్స్ సందుల్లో వీధిదీపం ఉండదు. దారి కనపడాలంటే నాలుగొందల ల్యూమెన్ల (వెలుగు కొలత అది) లైటు కావాలి. కానీ పూర్తి వెలుగులో పెడితే అలాంటి లైట్లు చాలావరకు రెండు మూడు గంటల్లో చచ్చిపోతాయి, కటిక చీకటి మాత్రం పది నుంచి నాలుగు దాకా ఆరు గంటలు. కాబట్టి గుంపులో ఉన్నంతసేపూ తక్కువ వెలుగులో పెట్టి, ఒంటరి సందుల్లో, దిగుడు రోడ్లలో మాత్రమే పెంచాలి. పదివేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు ఒకటి, రెండో లైటు ఒకటి వెంట ఉండాలి. కొన్ని లైట్లు చార్జింగులో ఉండగా వెలగవు. ఆ విషయం అర్ధరాత్రి దారిలో తెలిస్తే చేసేదేం లేదు, ఇంట్లో ముందే కేబుల్ పెట్టి చూడండి. వెనక ఎర్రలైటు మిణుకుమిణుకుమనేలా పెట్టొద్దు, వెనకాల వచ్చేవాళ్ళ కళ్ళు గంటసేపట్లో అలసిపోతాయి. స్థిరంగా, కొంచెం నేలవైపు వంచి పెట్టాలి.

ముందున్న ఎర్రదీపాల వెంట పోతే చాలనుకుంటారు అందరూ. దారి తప్పడం అక్కడే జరుగుతుంది. మొదటివాడు తప్పు మలుపు తిరిగితే వెనక ఏభైమంది తిరుగుతారు. కొన్ని మలుపుల దగ్గర సీసాల్లో చిన్న కొవ్వొత్తులు వెలిగించి పెడతారు, చూడ్డానికి కార్తీకమాసంలా ఉంటుంది, కానీ గాలికి ఆరిపోతాయి. దారి ఫైలుని ఫోన్లోకి దించుకుని నెట్ లేకుండా తెరుచుకుంటోందో లేదో చూసుకోవాలి. ఊళ్ళ పేర్లు వరసగా రాసిన కాగితం ఒకటి జేబులో ఉండాలి. గుంపులో వెనక నుంచి కారొస్తే "కార్ బ్యాక్", గుంట కనిపిస్తే "హోల్" అని అరుస్తారు. అరవడానికి మన పిల్లలు మొహమాటపడతారు. ఇంట్లో మెల్లగా మాట్లాడు, మెల్లగా మాట్లాడు అని నేర్పింది మనమే కదా.

ఇక పంక్చరు. సొంతంగా వేసుకోవడం రానివాళ్ళని పంపొద్దు. నేను పెట్టిన షరతుల్లో న్యాయమైనది ఇదొక్కటే. ట్యూబులు రెండు, టైరు లివర్లు, పంపు, అతుకులు, మరలు బిగించే అలెన్ కీల సెట్టు, గొలుసు తెగితే కలిపే క్విక్ లింకు వెంట ఉండాలి. గేర్ల వరసకి సరిపడే లింకే తీసుకోవాలి, పది గేర్లది పదకొండుకి పట్టదు. రిమ్ము లోతుగా ఉంటే పొడుగు వాల్వు ట్యూబు కావాలి, లేకపోతే పంపు తలకి వాల్వు అందదు. అతుకుల జిగురు గొట్టం ఒకసారి తెరిస్తే కొన్నాళ్ళకే ఎండిపోతుంది, కొత్తది కొనండి.

ట్యూబు బయటికి తీశాక దాని మీద రెండు గాట్లు పక్కపక్కనే ఉంటే దాన్ని పాముకాటు అంటారు. టైరులో గాలి తక్కువై గుంటలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. 28 మిల్లీమీటర్ల టైరుకి, ఏభై అయిదు అరవై కిలోల పిల్లకి గాలి ఒత్తిడి 65 నుంచి 70 పీఎస్ఐ దాకా ఉండాలి, టైరు పక్కన రాసిన హద్దు దాటకుండా. చిల్లు ఒక్కటే ఉంటే ముల్లో చెకుముకి రాయి ముక్కో టైరులోనే గుచ్చుకుని ఉంటుంది. కొత్త ట్యూబు ఎక్కించేముందు టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడమాలి. తొందరలో ఇది వదిలేస్తే పావుగంటలో రెండో ట్యూబు కూడా పోతుంది. వంటింట్లో దీపం ఆర్పి, తలకి టార్చి కట్టి, వెనక చక్రం మూడుసార్లు విప్పించి బిగించమనండి. వెనక చక్రమే ఎందుకంటే గొలుసూ గేర్లూ ఉన్న చక్రం అది, చీకట్లో చేతులు తడబడేదీ దాని దగ్గరే.

తిండి దగ్గరికొస్తే మనకి కొంచెం ధైర్యం వస్తుంది. గంటకి ముప్ఫై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. తొమ్మిది గంటల తొక్కుడుకి నాలుగొందల గ్రాములు లెక్కేసుకోండి. నూటేభై గ్రాముల పులిహోర పొట్లాలు రెండు, పెద్ద ఖర్జూరాలు ఎనిమిది, అరటిపళ్ళు మూడు, చిన్న బొబ్బట్లు నాలుగు ఉంటే దాదాపు సరిపోతుంది. పులిహోరలో నూనే వేరుశెనగపప్పులూ సగానికి తగ్గించండి, కొవ్వు అరగడానికి ఎక్కువసేపు పడుతుంది, తొక్కుతుంటే కడుపు బరువెక్కుతుంది. ఎండుమిర్చి ఇంకా తగ్గించండి, ఉప్పు మాత్రం తగ్గించొద్దు. వండిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని విషం మళ్ళీ వేడిచేసినా పోదు. చింతపండు పులుపు కొంత అడ్డుకుంటుంది కానీ దాన్నే నమ్ముకోకూడదు. వండగానే పళ్ళెంలో పరిచి గంటలోపు చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, బయల్దేరేటప్పుడే తీసి, అర్ధరాత్రి లోపు తినేయమని చెప్పాలి. పెరుగన్నం వద్దేవద్దు. ఆ తర్వాత ఖర్జూరాలూ బొబ్బట్లూ. ఆకలేసేదాకా ఆగకుండా ప్రతి అరగంటకీ ఒక ముక్క తినాలి. నీళ్ళు గంటకి అరలీటరు. ముప్పావులీటరు సీసాలు రెండు ఉన్నా మూడు గంటలకే సరిపోతాయి, దారిలో మళ్ళీ నింపుకోవాలి. దారిలో కొన్ని ఊళ్ళవాళ్ళు టీ, కేకులు అమ్ముతారు, కొన్ని పబ్బులు ఆ రాత్రి ఆలస్యంగా మూస్తాయి. అవి ఉంటే సంతోషం, లెక్కలో మాత్రం వేసుకోవద్దు.

పాడింగు ఉన్న సైకిల్ నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదు. కుట్టు ఒరుసుకుని ఎనభయ్యో కిలోమీటరుకల్లా పుండవుతుంది. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా సిగ్గుపడకుండా చెప్పేయండి, ఒరుపు తగ్గించే క్రీము కూడా కొనివ్వండి.

బయల్దేరేటప్పుడు వెచ్చగా ఉన్నా తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య పది పన్నెండు డిగ్రీలకి పడిపోతుంది. చెమట తడిసిన బట్టలో ఆగితే వణుకు పుడుతుంది. గాలి ఆపే పల్చటి చేతుల్లేని జాకెట్టు, చేతి తొడుగులు సంచీలో పైనే ఉండాలి. నిద్ర ముంచుకొచ్చేదీ ఆ గంటలోనే. ముందున్న దీపం రెండుగా కనిపిస్తే, పెడల్ మీద కాలు ఆగిపోతుంటే సైకిల్ దిగాల్సిందే. బస్ షెల్టర్లో ఇరవై నిమిషాలు పడుకుంటే మనిషి మారిపోతుంది. ఒంటరిగా పడుకోవద్దు. కనీసం ముగ్గురు కలిసి వెళ్ళి, చివరిదాకా కలిసే ఉండాలి.

అంతకుముందు ఎనిమిది వారాల్లో 40, 60, 80, 120 కిలోమీటర్లు వరసగా తొక్కి ఉండాలి. వాటిలో ఒకటైనా పూర్తిగా రాత్రి తొక్కింది కావాలి.

తిరుగు ప్రయాణం చాలామంది ఆలోచించరు. డన్‌విచ్‌లో రైల్వేస్టేషన్ లేదు. దగ్గరది డార్షమ్, ఇంకో తొమ్మిది కిలోమీటర్లు. ఆ రైళ్ళలో సైకిళ్ళకి చోటు చాలా తక్కువ. సైకిళ్ళని లారీలో, మనుషుల్ని బస్సులో లండన్ చేర్చే ఏర్పాట్లు కొన్ని ఉంటాయి, వారాల ముందే టికెట్టు కొనాలి. లేదా మనమే కారులో వెళ్ళాలి.

కారు గురించి నేను చెప్పుకోవలసింది ఉంది. "సరే, వెళ్ళు, కానీ నేను వెనకాలే కార్లో వస్తాను" అన్నది నా మొదటి రాజీ. అది ఎంత తప్పో దారి తెలుసుకున్నాకే అర్థమైంది. ఆ సందులు ఒక్క కారు పట్టేంత వెడల్పు. వెనక నుంచి కారు హెడ్‌లైట్లు పడితే తొక్కేవాళ్ళ నీడే ముందు పరుచుకుని గుంట కనపడదు. నా ఒక్క పిల్ల కోసం వందలమంది దారికి అడ్డం పడటం అవుతుంది. వెళ్తే, ఇంట్లో నిద్రపోయి, తెల్లారుజామున లేచి, ఏ12 రోడ్డు మీదుగా బీచికి వెళ్ళాలి. ఫోన్లో లొకేషన్ చుక్క గంటలతరబడి ఆగిపోవచ్చు, ఆ పల్లెల్లో సిగ్నల్ ఉండదు. చుక్క ఆగితే పిల్ల పడిపోయిందని కాదు. అనుకున్న మూడు ఊళ్ళ దగ్గర ఒక్కో మెసేజి పెడితే చాలని ఒప్పందం చేసుకోండి.

డన్‌విచ్ ఒకప్పుడు పెద్ద రేవు పట్నం. 1286 తుఫానుతో మొదలై శతాబ్దాల పాటు సముద్రం దాన్ని కొరుక్కుతింది. ఆల్ సెయింట్స్ చర్చి 1904కీ 1919కీ మధ్య ముక్కముక్కగా కొండ అంచు నుంచి జారిపోయింది. ఇప్పుడు మిగిలింది కొన్ని ఇళ్ళు, గులకరాళ్ళ తీరం. చేరగానే పిల్లలు నీళ్ళలోకి దూకుతారు. తీరం ఒక్కసారిగా లోతవుతుంది, జూలైలో కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి, ఊపిరి బిగుసుకుపోతుంది. మెల్లగా, నడుము లోతు దాకా, పక్కన మనిషి ఉండగా దిగాలి. ముందు పొడిబట్ట బయటికి తీసి పెట్టుకోవాలి.

ఇవన్నీ తెలుసుకున్నా నా భయం తగ్గలేదు, ఎందుకో ఒప్పుకోవాలి. మా పెద్దవాడు పదహారేళ్ళప్పుడు స్నేహితులతో గుడారం వేసుకుని మూడు రాత్రులు గడపడానికి వెళ్తే రెండు ప్రశ్నలడిగి పంపాను. వీడికి టైరు మార్చడం వచ్చా అని కాదు, చెప్పులు తీసుకున్నావా అని అడిగాను. అమ్మాయికి ఇన్ని షరతులు. అర్ధరాత్రి పబ్బులు మూసే వేళ, పల్లెటూరి మలుపులో మన రంగు పిల్ల ఒకతి ఆగి ఉంటే ఎవరేమంటారో అన్న భయాన్ని తనతో ఇప్పటికీ పైకి అనలేదు. అంటే ఆ భయాన్ని తనకి అంటగట్టినట్టవుతుంది, అనకపోతే సిద్ధం చెయ్యకుండా పంపినట్టవుతుంది. ఎవరైనా ఏదైనా అంటే ఆగి జవాబివ్వొద్దు, గుంపులోకి వెళ్ళిపో అని మాత్రం చెప్పాను. సరిపోతుందో లేదో తెలీదు.

సింహాచలం రాత్రి మా అమ్మ నాతో నడవలేదు. వీధి చివరిదాకా వచ్చి, జేబురుమాల్లో పది రూపాయలు కట్టిచ్చి, వెనక్కి తిరిగింది. ఆ రాత్రి తను పడుకుందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి తను లేదు.

మా అమ్మాయి నిన్న మరో మాట అంది. "బీచికి రా అమ్మా. కానీ ఎనిమిదిలోపు రావద్దు. నేను చేరాక కాసేపు మేం ముగ్గురమే కూచుంటాం." ఎనిమిదికి చేరాలంటే ఇంట్లో ఐదుకి బయల్దేరాలి. ఐదున్నరకి అలారం పెట్టాను, మళ్ళీ నాలుగున్నరకి మార్చాను.