నాటేసి వచ్చిన కాళ్లకు నూనె మర్దన

యాసంగి నాట్లప్పుడు నర్సంపేట, పరకాల దిక్కు ఆడవాళ్లు పొద్దంతా చల్లటి బురదలో వంగి నాటేస్తారు. రాత్రికి మడమలు గుంజుతున్నాయంటే వెంటనే అరికాలు పట్టుకోవద్దు. పిక్క కండరం కింది కొస మడమ ఎముకకే అతుక్కుని ఉంటుంది. అది బిగిస్తే మడమ లాగుతుంది. మర్దన పిక్క నుంచే మొదలవ్వాలి.

ముందు కాళ్లు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వేళ్ల సందులు ఆరేదాకా తుడవాలి. బకెట్లో నానబెట్టడం వద్దు, పొద్దంతా నానిన చర్మమే అది. గానుగ నువ్వుల నూనె కాలికి రెండు చెంచాలు చాలు. ఎక్కువైతే వేలు జారి ఒత్తిడి పడదు, తక్కువైతే వెంట్రుకలు లాగి చర్మం మండుతుంది. నూనె గిన్నెను వేడినీళ్లలో పెట్టి వెచ్చ చేయాలి. పొయ్యి మీద పెడితే ఎంత కాగిందో చూపుకు తెలియదు.

చీలమండ నుంచి మోకాలి దాకా రెండు అరచేతులతో పైకే రుద్దాలి. ఐదు నిమిషాల్లో పిక్క మెత్తబడుతుంది. అప్పుడు అరికాలు. చేతి బొటనవేలి కొసతో పొడిస్తే గోరు గుచ్చుకుంటుంది, ఒత్తేవాళ్ల వేలి కీలు కూడా నొస్తుంది. వేలి మెత్తటి భాగం ఆనించి, గొంగళిపురుగు పాకినట్టు మడమ నుంచి వేళ్ల దాకా జరపాలి. మడమ చర్మం మందం, అక్కడ పిడికిలి కణుపులు వాడొచ్చు. నెత్తురొచ్చే పగుళ్లను మాత్రం ముట్టొద్దు.

ఇప్పుడు మసాజ్ సెంటర్లలో గోడకు వేలాడే రిఫ్లెక్సాలజీ పటం (అరికాల్లో ఏ చోటు ఒంట్లో ఏ భాగానికి చెందిందో చూపే బొమ్మ) 1930లలో అమెరికాలో యూనిస్ ఇంఘామ్ రూపొందించిన పద్ధతి నుంచి వచ్చింది. మన పాదాభ్యంగం, అంటే పాదాలకు నూనె మర్దన, దానికంటే ఎంతో పాతది. అరికాల్లో ఫలానా చోట నొక్కితే షుగర్ తగ్గుతుందని ఎవరన్నా అంటే నమ్మి గోలీలు ఆపొద్దు. అలసట తీరి కంటినిండా నిద్ర పడితే అదే పెద్ద లాభం.

షుగర్‌తో కాళ్లు మొద్దుబారినవాళ్లకు వేడి తెలియదు. వాళ్ల నీళ్లు, నూనె ఇంకొకరు చూసి పెట్టాలి, గట్టిగా ఒత్తొద్దు. ఒక్క కాలే వాచి, పిక్క వెచ్చగా ఉండి నొస్తుంటే అసలు మర్దనే వద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, రాత్రయినా సరే దవాఖానకు తీసుకుపోవాలి.

అయిపోయాక వేళ్ల సందుల్లో నూనె మిగలకుండా పాత నూలుబట్టతో తుడవాలి. అరికాళ్లు మరీ గట్టిగా తుడవాలి, బండల మీద జారి పడేది ఆ నూనెతోనే.