ముహూర్తానికి ముందు ఇడ్లీ

నాకు టైప్ 1 డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు, రోజూ ఇంజెక్షన్‌గా తీసుకోవాలి. పెళ్లికూతురు ముహూర్తం దాకా ఏమీ తినకూడదని మా ఇంట్లో ఆనవాయితీ. ఇన్సులిన్ తీసుకుని కడుపు మాడ్చుకుంటే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు, పీటల మీదే కళ్లు తిరగొచ్చు. అమ్మ భయపడుతూనే పంతులుగారిని అడిగింది. "పిల్ల ఆరోగ్యం ముందమ్మా, తిననివ్వండి" అన్నారాయన. ఆ మాటతో సగం టెన్షన్ పోయింది. పొద్దున్నే ఇడ్లీ తిన్నాకే పెళ్లిబొట్టు పెట్టించుకున్నాను.

చేతికి షుగర్ చూసే సెన్సర్ ఉంటుంది కాబట్టి జాకెట్టు చేతులు వదులుగా కుట్టించాను. మీటరు, గ్లూకోజ్ పొడి, ఇన్సులిన్ పెన్ను పిన్ని సంచిలో. అసలే మే నెల, వేడికి ఇన్సులిన్ పాడవుతుంది, పెన్ను కారులో వదిలేయొద్దని పిన్నికి పదేపదే చెప్పాను. షుగర్ పడితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలని పెళ్లికొడుక్కీ ముందే నేర్పాను. తలంబ్రాల హడావిడిలోనూ ఆయన "షుగర్ ఎంతుంది?" అని అడిగారు, అది చాలు నాకు.

ఇలాగే పెళ్లికి సిద్ధమవుతున్న అమ్మాయిలుంటే మెసేజ్ పెట్టండి, నేను రాసుకున్న లిస్టు పంపిస్తాను.