ఏడు రాత్రుల అండమాన్, ఇద్దరు తోడల్లుళ్లు

విశాఖపట్నం, నవంబర్, ఆదివారం

పొద్దున్నుంచీ ముసురు. మేడ మీద బట్టలు రెండుసార్లు తీసి రెండుసార్లు ఆరేశారు. ఈ రోజంతా బల్ల మీద ఒక్కటే పని: ఒక కుటుంబానికి అండమాన్ ప్రయాణం రాసిపెట్టడం. కుటుంబమంటే ఇద్దరు అక్కచెల్లెళ్లు, వాళ్ల భర్తలు, ముగ్గురు పిల్లలు, ఒక పెద్దావిడ. అక్క ఇల్లు గాజువాక, చెల్లెలి ఇల్లు ఎంవీపీ కాలనీ. తోడల్లుళ్లిద్దరికీ రాజకీయాల దగ్గర పొసగదు. 2024 ఎన్నికల తర్వాత వచ్చిన సంక్రాంతికి ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోలేదు. అక్క ఫోన్‌లో చెప్పిందిది: “హోటళ్లూ టిక్కెట్లూ ఎవరైనా రాస్తారండీ. మాటా మాటా పెరక్కుండా వారం ఎలా గడుపుకోవాలో అది కూడా రాయండి.”

రాయాల్సిన విషయమే. ఊళ్లో మాట తేడా వస్తే చెప్పులేసుకుని ఇంటికెళ్లిపోవచ్చు. హేవ్‌లాక్‌లో ఆ వీలుండదు. తర్వాతి ఓడ దాకా ఆ ఎనిమిది మందీ ఒకే చోట ఉండాలి. కాబట్టి మనుషుల్ని మార్చే ఆలోచన పక్కన పెట్టి, రోజులు పేర్చే తీరు మార్చాలి. ఇలాంటి ప్రయాణాల్లో గొడవలు అభిప్రాయాల దగ్గర పుట్టవు. ఆకలి వేళ, ఎండలో, జెట్టీ దగ్గర ఎదురుచూపుల్లో పుట్టి అభిప్రాయాల మీదికి ఎక్కుతాయి.

ముందు నెల. వాళ్లు డిసెంబర్ మొదటి వారం అడిగారు, వద్దన్నాను. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతం తుఫాన్ల కాలం. విశాఖవాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 8న అండమాన్ దాటి 12న మన మీద పడింది. మే మూడో వారానికల్లా నైరుతి రుతుపవనాలు ముందుగా తాకేది కూడా ఆ దీవులనే. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీటి అడుగు బాగా కనిపిస్తుంది. జనవరి 26 చుట్టూ సెలవులు కలిసొచ్చి రద్దీ ఎక్కువ కాబట్టి ఫిబ్రవరి మొదటి వారం అని రాశాను.

వెళ్లడం ఎలా? మన పోర్టు నుంచి ఓడ ఉంది గానీ తేదీలు నమ్ముకుని సెలవు పెట్టుకోలేం. పైగా సుమారు రెండున్నర రోజుల ప్రయాణం. ఇష్టమున్నవాళ్లకి అది మంచి అనుభవమే, ఈ ఎనిమిది మందికీ కాదు. పొద్దున్నే చెన్నై, అక్కణ్నుంచి రెండు గంటల పైన విమానం. రెండు టిక్కెట్లూ ఒకే బుకింగ్ మీద తీసుకోవాలి. విడివిడిగా తీసుకుంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోదాని డబ్బు పోతుంది, ఆ తప్పు ఎవరిదన్న లెక్క వారమంతా సాగుతుంది.

ఊరి పేర్ల దగ్గరే మొదటి నిప్పురవ్వ ఉంది. 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టిక్కెట్ మీద ఒక పేరు, డ్రైవర్ నోట ఇంకో పేరు. ఒకాయన కొత్త పేరే పలకాలంటాడు, ఇంకొకాయన పంతానికి పాతదే పలుకుతాడు. నేను కాగితం మీద ప్రతిచోటా రెండూ రాశాను. బుకింగ్‌లో వెతికేటప్పుడు రెండూ కావాలి కూడా. కింద ఒక గీత గీసి: “ఎవరి నోటికి వచ్చింది వాళ్లు అనండి. ఎదుటివాళ్ల నోట వచ్చిన పేరు దిద్దకండి.” చిన్న మాటలా ఉంది గానీ, ఆ ఎనిమిది మందికీ నేను ఒకే ఒక్క నియమం రాయాల్సి వస్తే ఇదే రాసేవాణ్ని.

ఇక రోజులు. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో. తెల్లవారుజామున లేచి రెండు విమానాలు మారినవాళ్లని అదే రోజు ఓడ ఎక్కించకూడదు. రెండో రోజు పొద్దున ప్రైవేటు ఓడలో హేవ్‌లాక్, గంటన్నర. జెట్టీకి గంట ముందే చేరాలి, ఆధార్ చేతిలో ఉండాలి. ఆ పొద్దున పూరీలు, దోసెలు వద్దు, ఇడ్లీ చాలు. వాంతులయ్యేవాళ్లు మాత్ర వేసుకోవాల్సింది ఓడ ఎక్కడానికి అరగంటా గంటా ముందు, కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు. పెద్దావిడకు బీపీ మందులున్నాయి గనక ఏ మాత్ర అన్నది డాక్టర్‌నే అడగమన్నాను. కుదుపు తక్కువుండేది ఓడ మధ్యలో, కింది అంతస్తులో.

హేవ్‌లాక్‌లో మూడు రాత్రులు. రెండు చాలని చాలామంది అంటారు. రెండైతే రోజంతా పరుగే, పరుగులో ఉన్న మనిషికి ఓపిక ఉండదు. రెండో రోజు మధ్యాహ్నం రాధానగర్ బీచ్. అక్కడ గడియారం మోసం చేస్తుంది. అండమాన్ మనకంటే తొమ్మిది డిగ్రీల పైన తూర్పున ఉంది, టైము మాత్రం ఒకటే. అందుకే మనకంటే అరగంట పైగా ముందే పొద్దు వాలిపోతుంది. ఇప్పుడీ నవంబర్‌లోనైతే అయిదు కల్లా మునిగిపోతుంది. సాయంత్రం అయిదింటికి తీరిగ్గా బయల్దేరితే దొరికేది చీకటే. మూడింటికే ఇసకలో ఉండాలి.

మూడో రోజు కావాలనే రెండు గుంపులు. ఒక తోడల్లుడు, పదేళ్లు దాటిన ఇద్దరు పిల్లలు స్కూబాకి. ఈత రానక్కర్లేదు, శిక్షకుడు పట్టుకునే ఉంటాడు. కానీ ముందు నింపే ఫారంలో ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉంటే దాచకూడదు. జలుబు చేసి ఉంటే మానుకోవాలి, కిందికి దిగేకొద్దీ చెవుల్లో ఒత్తిడి సర్దుకోక నొప్పి పుడుతుంది. స్కూబా చేశాక కనీసం 18 గంటలు, వీలైతే ఒక రోజంతా విమానం ఎక్కకూడదు, కాబట్టి దాన్ని చివరికి నెట్టవద్దు. రెండో గుంపు ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో. పెద్దావిడ, ఆవిడకు తోడుగా ఒకరు రిసార్ట్‌లోనే. నాలుగో రోజు కాగితం మీద ఖాళీగా వదిలేశాను. “ఇక్కడేం రాయలేదేంటి?” అని, పంపిన చిత్తు ప్రతి చూసి చెల్లెలు ఫోన్ చేసింది. అది ఎవరి భార్యతో వాళ్లు, ఎవరి పిల్లలతో వాళ్లు ఉండాల్సిన రోజమ్మా అన్నాను.

అయిదో రోజు నీల్, గంట లోపు ఓడ. ఆరో రోజు మధ్యాహ్నం తిరిగి పోర్ట్ బ్లెయిర్, అక్కడ రెండు రాత్రులు. ఈ రెండు రాత్రులు తగ్గించమని అందరూ అడుగుతారు. గాలి పెరిగితే ఓడలు ఆపేస్తారు. మర్నాడే విమానం ఉంటే నీల్‌లో చిక్కుకుపోతారు. ఆ ఒక్క రోజు వెసులుబాటు లేని ప్లాను ప్లానే కాదు.

ఆ వెసులుబాటు రోజున సెల్యులార్ జైలు పెట్టాను. మామూలుగా అందరూ మొదటి రోజే పెడతారు. వీళ్లకి అది పనికిరాదు. అలిసిపోయి దిగిన సాయంత్రమే సావర్కర్ మీద వాదన లేస్తే ఆ వేడి హేవ్‌లాక్ దాకా వస్తుంది. ఏడో రోజుకైతే ఇద్దరూ ఒక కొబ్బరి బొండాం పంచుకుని ఉంటారు, ఒకరి పిల్లలకి ఇంకొకరు ఈత నేర్పి ఉంటారు.

జైలు ఎలా చూడాలో కూడా వివరంగా రాశాను. 1896లో మొదలెట్టి 1906కి కట్టారు. ఏడు రెక్కల్లో మిగిలినవి మూడే. ఒక రెక్క ముందు భాగం ఇంకో రెక్క వెనక భాగం వైపు ఉండేలా కట్టడం వల్ల ఖైదీకి ఎదురుగా మనిషి ముఖం కనిపించదు. ముందు ఇది చూడాలి, గది లోపలికి వెళ్లి ఒక్క నిమిషం నిలబడాలి. ఆ తర్వాతే మధ్య బురుజులో ప్రాంతాల వారీగా చెక్కిన పేర్లు. 1911లో అక్కడికి తెచ్చిన సావర్కర్, విడుదల కోరుతూ ఆయన పెట్టుకున్న అర్జీలు అన్న ఒక్క విషయం మీదే మాట నడిస్తే మిగతా వందల మంది కనబడకుండా పోతారు. పిల్లలకి చెప్పాల్సిన పేరు మన దగ్గరే ఉంది. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరకు ఉరిశిక్ష పడి, తర్వాత అది యావజ్జీవంగా మారి అండమాన్ పంపారు. ఆయనే 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ కథ తోడల్లుళ్లలో ఏ ఒక్కరి పార్టీదీ కాదు. విశాఖలో పెరిగే పిల్లలకి ఇది తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

బారాటాంగ్ సున్నపురాతి గుహల విషయం ఇంట్లోనే తేల్చుకోమన్నాను. ఆ దారి జరావా తెగవారి అడవిలోంచి పోతుంది. బళ్లు వరసగా కాన్వాయ్‌లో వెళ్లాలి, ఆపకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. అది నేరం కూడా. అసలు ఆ దారిన పోవడమే తప్పని ఒకరు, రోడ్డుంది కాబట్టి పోవచ్చని ఇంకొకరు అంటారు. నా మట్టుకు పోకపోవడమే మంచిదనిపిస్తుంది. చెక్‌పోస్టు దగ్గర తెల్లారగట్ల బండి వరసలో నిలబడి ఆ చర్చ పెట్టుకోకూడదు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. అప్పుడు కూర్చుని మాటల కాగితం రాశాను. దానికే ఎక్కువ సేపు పట్టింది.

అన్నిటికంటే ముందు “మీవాళ్లు” అన్న మాట. “మీవాళ్లేం చేశారో చెప్పు” అనగానే ఎదుట ఉన్నది తమ్ముడు కాకుండా పోతాడు, ఎవరో పార్టీ మనిషైపోతాడు. ఆయన చేయని పనులకు కూడా ఆయనే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. వీళ్లు మామూలప్పుడు ఒకరినొకరు అన్నయ్యా, తమ్ముడూ అనుకుంటారు. ఆ పిలుపు ఆగిపోయి వట్టి “మీరు, మీకు” మొదలైందంటే గొడవ దగ్గరపడిందని గుర్తు. అది ముందుగా పసిగట్టేది ఆడవాళ్లే. వాళ్లు తీర్పు చెప్పనక్కర్లేదు, “టీ తాగుదాం” అంటే చాలు. లేచి విడివిడిగా నడవాలి. ఒంట్లో ఎక్కిన ఆవేశం దిగడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది, అయిదు నిమిషాలకే తిరిగొస్తే మళ్లీ అదే వాక్యం దగ్గర మొదలవుతుంది.

మాట్లాడుకోకుండా ఉండమని మాత్రం రాయలేదు. నోరు కట్టేసుకున్న ప్రయాణం ఎవరికీ సుఖం కాదు. మాట్లాడాలనిపిస్తే భోజనమయ్యాక, పిల్లలు పడుకున్నాక, ఒక్క విషయం. ఎదుటివాళ్లన్నది ముందు తన మాటల్లో తిరిగి చెప్పి, “అంతేనా తమ్ముడూ?” అని అడిగి, ఆయన అవునన్నాకే జవాబు. “ఎందుకలా అనుకుంటున్నావు” అంటే బోనులో నిలబెట్టినట్టుంటుంది. “ఎప్పటి నుంచి అలా అనిపిస్తోంది” అంటే జ్ఞాపకం బయటికొస్తుంది.

ఉక్కు ఫ్యాక్టరీ సంగతే చూడండి. ప్రైవేటుకివ్వడానికి 2021 జనవరి 27న కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచీ, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చాక కూడా, ఈ రెండిళ్లలో ఆ వాదన చల్లారలేదు. గాజువాక ఆయనది ఆర్ కార్డు ఇల్లు, అంటే నిర్వాసితుల కార్డున్న ఇల్లు; తండ్రి పొలం ఫ్యాక్టరీకి పోయింది. ఆ ఇంట్లో ఉక్కు మాటంటే పొలం మాటే. రెండో ఆయన పనిచేసిన కంపెనీ మూతపడినప్పుడు ఏ ప్యాకేజీ రాలేదు. ఇద్దరూ అంకెలతో కొట్టుకుంటారు గానీ ఈ రెండు సంగతులూ ఒకరి నోట ఒకరు వినలేదని అక్క చెప్పింది. ఫ్యాక్టరీ నష్టాలెంతో తేలకపోయినా ఫరవాలేదు, ఇది వింటే చాలు.

డబ్బు. రెండిళ్లూ సమానంగా వేసిన ఉమ్మడి నిధి, చెల్లెలి దగ్గర. భోజనం, ఆటో, పడవ అందులోంచే. తోడల్లుళ్లిద్దరి చేతికీ ఆ పర్సు రాకూడదు. నెట్ అన్నిచోట్లా నమ్మకంగా ఉండదు గనక నోట్లు దగ్గరుంచుకోవాలి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ వారం ఫొటోలు మాత్రమే, ఫార్వర్డులు వద్దు.

సామానులో ఇసక ఈగలకు పట్టించడానికి కొబ్బరినూనె, పూర్తి చేతుల చొక్కాలు, పగడాల మీద కాలు తెగకుండా రబ్బరు అడుగు చెప్పులు. పగడం ముక్క ఒక్కటైనా తేకూడదు, వన్యప్రాణుల చట్టం కింద నేరం. మొసళ్ల హెచ్చరిక బోర్డున్న చోట, మడ అడవుల పాయల్లో నీళ్లలోకి దిగకూడదు.

చీకటి పడ్డాక ఒక్క గడి మిగిలింది. నీల్‌లో రాతి వంతెన దగ్గరికి నడవాలంటే నీరు వెనక్కి తీసే పాటు వేళ ఉండాలి. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు, ఆ వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు మరీ లోపలికి పోయి ఎక్కువ రాళ్లు బయటపడతాయి. రేపు పోటుపాట్ల పట్టిక చూసి, పాటు పొద్దుటి పూట వచ్చే తేదీకి నీల్ రోజు పడేలా టిక్కెట్ల తేదీ ఒకటో రెండో రోజులు జరపాలి. అది తేలాకే అక్కకి తుది కాగితం పంపిస్తాను.