ఫార్మాట్ కొట్టకుండానే డెబియన్ 13కి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో కంప్యూటర్‌కి ఏ రోగమొచ్చినా మందు ఒక్కటే, ఫార్మాట్. స్లో అయిందా, ఫార్మాట్. ప్రింటర్ పలకడం లేదా, ఫార్మాట్. కొత్త వెర్షన్ వచ్చిందంటే ఇంక చెప్పేదేముంది. రిపేరు కుర్రాడు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తూ "డెస్క్‌టాప్ మీద కావాల్సినవేమైనా ఉన్నాయా" అని ఒక్కసారి అడుగుతాడు, మనం లేవంటాం, ఏమున్నాయో సాయంత్రానికి గుర్తొస్తుంది. విండోస్ బదులు లైనక్స్ వాడేవాళ్లు కూడా ఇదే అలవాటుతో ప్రతి వెర్షన్‌కీ మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేసుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్‌లో ఆ అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. బావ డీటీపీ షాపులో మెషీన్‌ని డెబియన్ 12 నుంచి 13కి ఉన్నచోటనే, ఒక్క ఫైలు చెరపకుండా మార్చాం. ఇలాంటి షాపులు మా ఊళ్లోనూ, నది దాటితే పాతపట్నంలోనూ, అటు గునుపూర్, రాయగడల్లోనూ బోలెడున్నాయి కాబట్టి ఎలా చేశామో రాస్తున్నాను.

ఆ మెషీన్ మీద ఏం పని జరుగుతుందో ముందు చెప్పాలి. పొద్దున్న కోర్టు టైముకి ఒడియాలో అఫిడవిట్లు, తహసీల్దారు ఆఫీసుకి అర్జీలు. మధ్యాహ్నం పాతపట్నం నుంచో మెళియాపుట్టి నుంచో ఎవరో ఒకరు వచ్చి తెలుగులో శుభలేఖ కావాలంటారు. ఒకే కుర్చీ, ఒకే కీబోర్డు, రెండు లిపులు. బావ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు లేఅవుట్‌లో టైప్ చేస్తారు. అందులో మన లిపులన్నిటికీ అక్షరాల చోట్లు ఒకటే, తెలుగు 'క' ఏ మీట మీద ఉంటుందో ఒడియా 'క' కూడా ఆ మీట మీదే, కాబట్టి లేఅవుట్ మార్చే షార్ట్‌కట్ ఒకటి నొక్కితే చాలు, వేళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఆ షార్ట్‌కట్, శుభలేఖలకి వాడే పోతన, వేమన ఫాంట్లు, ఒడియా ఫాంట్లు, లిబ్రే ఆఫీస్‌లో ఏళ్లుగా కూడబెట్టిన టెంప్లేట్లు, స్పెల్లింగ్ నిఘంటువులో చేర్చుకున్న ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, స్టాంపు పేపరు కోసం సరిచేసుకున్న ప్రింటర్ మార్జిన్లు, ఇవన్నీ కలిస్తేనే ఆ షాపు. ఫార్మాట్ కొట్టే ముందు ఫైళ్లయితే ఎలాగోలా కాపీ చేసుకుంటాం. ఈ అమరికలు ఎవరూ కాపీ చేయరు, తర్వాత నెల రోజులపాటు ఒక్కొక్కటీ గుర్తొస్తూ ఏడిపిస్తాయి. (పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో, ఒడియాకి ఆకృతి ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు వేరే విండోస్ మెషీన్‌లో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, ఆ గొడవ ఇక్కడ ఎత్తను.)

"బాగున్నదాన్ని కెలకడం ఎందుకురా" అన్నారు బావ. సరైన ప్రశ్నే. డెబియన్ 12, అంటే బుక్‌వార్మ్, 2023 జూన్ 10న వచ్చింది. 13, అంటే ట్రిక్సీ, 2025 ఆగస్టు 9న వచ్చింది. ఒక్కో వెర్షన్‌కి మూడేళ్లు పూర్తి సపోర్ట్, తర్వాత ఎల్‌టీఎస్ పేరుతో ఇంకో రెండేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉంటాయి. 12కి ఆ మూడేళ్లు 2026 జూన్‌తో అయిపోతాయి, ఎల్‌టీఎస్ 2028 జూన్ ఆఖరు దాకా నడుస్తుంది. అంటే కొంపలేమీ అంటుకుపోలేదు. కాకపోతే డెబియన్‌లో మధ్య వెర్షన్ వదిలేసి గెంతడం కుదరదు, 11లో ఉన్నవాళ్లు 12కి వచ్చాకే 13కి రావాలి, వాయిదా వేసుకుంటూ పోతే ఒకసారి పడే టెన్షన్ రెండుసార్లు పడాలి. పైగా అది ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు, భూమి కాగితాలు వాట్సాప్ వెబ్‌లోంచి దించి ప్రింట్ తీసే మెషీన్. అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టంలో ఆ పని చేయకూడదు. "హడావిడిగా చేసే రోజు రాకముందే తీరిగ్గా చేసేద్దాం బావా, పుష్యమాసంలో మీకు శుభలేఖలు ఉండవు కదా" అన్నాను. ఆ మాటకి ఒప్పుకున్నారు. కొత్త వెర్షన్ వచ్చిన వారమే ఎగబడకుండా మొదటి పాయింట్ రిలీజ్, అంటే మొదటి విడత సవరణలు చేర్చిన వెర్షన్ దాకా ఆగడం కూడా నా పద్ధతి. ఈసారి 13.1 సెప్టెంబరులోనే వచ్చేసింది.

అసలు పని అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టక ముందే ఉంటుంది. హోమ్ ఫోల్డర్ మొత్తం, సిస్టం సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల (అంటే ప్రోగ్రాంల మూటల) జాబితా బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసుకున్నాం. తర్వాత డెబియన్‌వి కాని రిపాజిటరీలు (ప్యాకేజీలు దిగే సర్వర్లు), పాత వెర్షన్‌లో కొత్త ప్రోగ్రాంలు ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ ఆపేశాం. అప్‌గ్రేడ్ మధ్యలో ఇరుక్కుపోయింది అని వినే కథల్లో చాలా వాటికి మూలం ఎప్పుడో ఏదో ప్రోగ్రాం కోసం చేర్చి మర్చిపోయిన బయటి రిపాజిటరీయే. 12లోనే పెండింగ్ అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, అప్‌డేట్ కాకుండా హోల్డ్‌లో పెట్టిన ప్యాకేజీలు లేవని చూసుకున్నాం. ఇంకొకటి, బూట్ విభజన (కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే డిస్క్ భాగం) విడిగా పెట్టుకున్నవాళ్లు దాని సైజు తప్పకుండా చూడండి. కెర్నల్ (సిస్టం గుండెకాయ), ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు బాగా లావయ్యాయి, 768 ఎంబీ సైజు, అందులో 300 ఎంబీ దాకా ఖాళీ ఉండాలని 13 రిలీజ్ నోట్స్‌లోనే రాశారు. పాత ఇన్‌స్టాలేషన్లలో ఈ విభజన అంతకంటే చిన్నదే ఉంటుంది. పాత కెర్నళ్లు తీసేస్తే కొంత చోటొస్తుంది. రిలీజ్ నోట్స్ అన్నాను కాబట్టి చెబుతున్నా, దాన్ని చదవండి, వీడియోలు చూడకండి. ముఖ్యంగా ఐదో అధ్యాయం, మారినవి ఏమిటో, ఎక్కడ దెబ్బతింటామో అందులోనే ఉంటుంది.

నెట్ సంగతి. పగలు షాపులో నెట్‌కి పని ఉంటుంది, అప్‌గ్రేడ్‌కి దిగే డేటా జీబీల్లో ఉంటుంది. ప్యాకేజీలు తెచ్చి వేసే ఆప్ట్ కమాండ్‌కి డౌన్‌లోడ్ ఓన్లీ అనే ఆప్షన్ ఉంది, దాంతో ఫుల్ అప్‌గ్రేడ్ కొడితే ప్యాకేజీలన్నీ దించి పెట్టి ఊరుకుంటుంది, దేన్నీ ముట్టుకోదు. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్లో బుక్‌వార్మ్ అన్న చోటల్లా ట్రిక్సీ అని మార్చి, రాత్రి షాపు కట్టేటప్పుడు ఇది పెట్టి వెళ్లిపోయాం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ పోయినా దిగులుండదు. దిగిన ఫైళ్లు వార్ లోపల క్యాష్, అందులో ఆప్ట్, అందులో ఆర్కైవ్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, వాటిని పెన్‌డ్రైవ్‌లో రెండో మెషీన్ అదే ఫోల్డర్‌లోకి వేస్తే అక్కడ మళ్లీ దించుకోదు, లేనివి మాత్రమే తెచ్చుకుంటుంది. షాపులో డెబియన్ మెషీన్లు ఒకటికి మించి ఉన్నవాళ్లకి ఇది బాగా కలిసొస్తుంది.

కరెంటు గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు గజపతి జిల్లాలో రోజుల తరబడి చీకటే. అప్పటి నుంచి బావ ఇన్వర్టర్ దగ్గర పైసా తగ్గించరు. ఒకవేళ మధ్యలో కరెంటు పోయినా సిస్టం పోయినట్టు కాదు. డీపీకేజీ కన్ఫిగర్ కమాండ్ కొడితే సగంలో ఆగిన ప్యాకేజీలని అందుకుని పూర్తి చేస్తుంది, ఆ తర్వాత ఫుల్ అప్‌గ్రేడ్ మళ్లీ కొట్టొచ్చు. ఇక్కడే జనం భయపడి ఫార్మాట్‌కి పరిగెడతారు, పరిగెట్టకండి.

ఇన్‌స్టాల్ మాత్రం డెస్క్‌టాప్‌లోని టెర్మినల్‌లో చేయలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల తెరలోకి వెళ్లి చేశాం, డెస్క్‌టాప్ తానే మారుతున్నప్పుడు దాని లోపల కూర్చుని పని చేయడం నాకు నచ్చదు. ముందు కొత్త ప్యాకేజీలేవీ చేర్చకుండా మామూలు అప్‌గ్రేడ్, ఆ తర్వాత ఫుల్ అప్‌గ్రేడ్. ఫుల్ అప్‌గ్రేడ్ కొట్టగానే తీసేయబోయే ప్యాకేజీల జాబితా వస్తుంది, అది చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది, తెరలు తెరలుగా లైబ్రరీల (ప్రోగ్రాంలు ఉమ్మడిగా వాడుకునే ఫైళ్ల) పేర్లు. పక్కన కూర్చున్న బావ "ఏటిది, అన్నీ పీకేస్తోంది" అన్నారు. పీకేయడం లేదు. 32 బిట్ల టైం లెక్క 2038 జనవరి 19తో నిండిపోతుంది, ఆ సమస్య తీర్చడానికి డెబియన్‌వాళ్లు టైమ్‌ని 64 బిట్లకి మార్చారు, ఆ క్రమంలో వందల లైబ్రరీ ప్యాకేజీలకి పేరు చివర టీ64 అని చేర్చారు. మన మామూలు 64 బిట్ మెషీన్లకి ఆ సమస్య ఎప్పుడూ లేదు, కానీ పేర్ల మార్పు అందరికీ వర్తించింది. పాత పేరు తీసేసే జాబితాలో, కొత్త పేరు చేర్చే జాబితాలో కనిపిస్తాయి. మీరు చూడాల్సింది ఆ జాబితాలో లిబ్రే ఆఫీస్, ఎక్స్ఎఫ్‌సీఈ (మా డెస్క్‌టాప్), కప్స్ (ప్రింటింగ్ చూసేది) లాంటి మీరు రోజూ వాడేవేమైనా ఉన్నాయా అని. ఉంటే అక్కడ ఆగి కారణం వెతకాలి. లేకపోతే ఎంటర్ కొట్టండి.

మధ్యమధ్యలో అడిగే ప్రశ్న ఒకటుంది, ఈ సెట్టింగ్ ఫైల్‌ని మీరు మార్చారు, కొత్తది పెట్టమంటారా, మీదే ఉంచమంటారా అని. ఏమీ ఆలోచించకుండా ఎంటర్ కొడితే మీదే ఉంటుంది, చాలాసార్లు అదే మంచిది. డి నొక్కితే రెండిటికీ తేడా చూపిస్తుంది.

రీస్టార్ట్ చేశాక మొదట చూసినది కీబోర్డు. తెలుగు, ఒడియా, షార్ట్‌కట్ అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. పాత శుభలేఖ ఒకటి తెరిస్తే లైన్లు ఎక్కడివక్కడే. ప్రింటర్ మాత్రం పలకలేదు. కొన్ని లేజర్ ప్రింటర్లకి ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఒక్కటే చాలదు, తయారీదారు ఇచ్చే ప్లగిన్ కూడా కావాలి, డ్రైవర్ వెర్షనూ ప్లగిన్ వెర్షనూ ఒకటే అయి ఉండాలి. డ్రైవర్ కొత్తదయింది, ప్లగిన్ పాతదే ఉండిపోయింది. కొత్త ప్లగిన్ దించితే ప్రింట్ వచ్చేసింది. మీ ప్రింటర్ ఈ రకమైతే రీస్టార్ట్ అయిన వెంటనే ఈ పని చూసుకోండి, పొద్దున్న అఫిడవిట్‌కి జనం నిలబడ్డాక కాదు.

స్కానింగ్ చేసేవాళ్లు గమనించాల్సినది వేరే ఉంది. 13లో టెంప్ ఫోల్డర్ డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లో ఉంటుంది, సగం ర్యామ్ దాకా వాడుకుంటుంది. మా మెషీన్‌కి ర్యామ్ 4 జీబీ, అంటే 2 జీబీ. ఏ4 పేజీని 600 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే, కుదించకుండా పేజీకి వంద ఎంబీ పైనే. పాత భూమి దస్తావేజు ఇరవై పేజీలుంటే లెక్క మీరే వేసుకోండి. స్కాన్ ప్రోగ్రాం సెట్టింగ్స్‌లో తాత్కాలిక ఫైళ్ల చోటుని వార్ కింద ఉన్న టెంప్ ఫోల్డర్‌కి మార్చాం, అది డిస్క్ మీదే ఉంటుంది. పాత పద్ధతే కావాలంటే సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో టెంప్ మౌంట్‌ని మాస్క్ చేస్తే, అంటే మొదలవకుండా ఆపేస్తే చాలు.

కొత్తగా ఏమొచ్చిందంటే బావకి నచ్చినది బొమ్మలు దిద్దే ప్రోగ్రాం గింప్ 3.0. అక్షరాల చుట్టూ అంచు గీయడం ఇప్పుడు టెక్స్ట్ టూల్‌లోనే ఉంది, ఫ్లెక్సీ డిజైన్లకి అదే కదా కావాలి. పాత ప్లగిన్లు మాత్రం అందులో నడవవు. లిబ్రే ఆఫీస్ 7.4 నుంచి 25.2 అయింది, ఎక్స్ఎఫ్‌సీఈ 4.20, కెర్నల్ 6.12. నాకు నచ్చినది నోటో ఫాంట్ల ప్యాకేజీ యథాతథంగా ఉండటం, ఎందుకంటే అందులో సొరంగ్ సొంపెంగ్ కూడా ఉంది. మా జిల్లా సవరల భాషకి 1936లో మంగెయ్ గొమాంగో కూర్చిన లిపి అది, 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకున్నారు, ఆ ఊరి షాపులో ఆ లిపి డబ్బాలుగా కనిపిస్తే బాగుండదు. గుమ్మా వైపు నుంచి ఎవరైనా ఆ లిపిలో పోస్టరు అడిగితే వేసిస్తాం, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మామూలు సపోర్ట్ అయిపోయాక చాలా షాపులవాళ్లు మెషీన్లు మార్చేస్తున్నారు. 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలట. బావది నాలుగో తరం ఐ3. డెబియన్ 13 దాని మీద హాయిగా నడుస్తోంది.

అక్క దగ్గరున్న పాత నెట్‌బుక్ మాత్రం 12లోనే ఉంది. 13లో 32 బిట్ పీసీలకి కెర్నల్ గానీ ఇన్‌స్టాలర్ గానీ ఇవ్వడం లేదు, అలాంటి సిస్టంని అప్‌గ్రేడ్ చేయొద్దనే చెప్పారు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ అనే కమాండ్ కొట్టి చూడండి, ప్రాసెసర్ 64 బిట్‌దై, మీరు పొరపాటున 32 బిట్ డెబియన్ వేసుకుని ఉంటే 64 బిట్‌ది మొదటి నుంచీ వేసుకోవాలి. అవును, ఆ ఒక్క చోట ఫార్మాటే, రిపేరు కుర్రాడికి చెప్పకండి. అక్కది ఆటమ్ ఎన్270, అది పుట్టుకతోనే 32 బిట్, దానికి ఆ దారి కూడా లేదు. 2028 జూన్ దాకా అప్‌డేట్లు వస్తాయి కాబట్టి అప్పటిదాకా షాపు ఖాతాలు అందులోనే రాసుకుంటానంది.