నాస్‌లో ఒక డిస్క్ పోయిందా? అయితే రెండోదాన్ని కాపాడుకోండి

నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌లో అందరి ఫైళ్ళూ దాచే డిస్కుల పెట్టె. దాని మీద ఒక లైటు ఆరెంజ్ రంగులోకి మారి, పెట్టె బీప్ బీప్ మంటూ మొత్తుకోగానే చాలామంది ముందు ఆ డిస్క్‌ని బయటికి లాగేస్తారు. నిజానికి ఆ పని చివర్న చేయాలి. రెండు డిస్కుల నాస్‌లో, రెండిటి మీదా ఒకే డేటా ఉండే రెయిడ్ 1 పద్ధతిలో, ఒకటి పోయిందంటే పిల్లల ఫోటోలు, ఊళ్ళో పొలం కాగితాల స్కాన్లు, పెళ్ళి వీడియోలు అన్నీ ఇప్పుడు ఒకే ఒక్క డిస్క్ మీద నిలబడి ఉన్నాయని అర్థం. పోయిన డిస్క్ ఎలాగూ పోయింది. ఇక్కణ్ణుంచి చేసే ప్రతి పనికీ ముందు ఒకటే ప్రశ్న వేసుకోవాలి: దీనివల్ల మిగిలిన డిస్క్‌కి మేలా, చేటా?

ముందు మెనూలోకి వెళ్ళి బీప్ ఆపేయండి. ఆ చప్పుడు ఆగితేనే నిదానంగా ఆలోచించగలం. తర్వాత డిస్క్ హెల్త్ పేజీలో స్మార్ట్ పట్టిక (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తెరిచి, రా వాల్యూ అనే గడిలో అంకెలు చూడండి. 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లది. పాడైన చోటుని వదిలేసి, డిస్క్ తన దగ్గరున్న స్పేర్ చోటు వాడుకున్న లెక్క అది. ఏడాదిగా 8 దగ్గరే ఆగి ఉంటే కంగారు అక్కర్లేదు. మొన్న 8, నిన్న 40, ఇవాళ 200 అయితే మార్చాల్సిందే. 197 పెండింగ్ సెక్టార్లది, అంటే చదవబోతే మొరాయిస్తున్నవి. 198 అసలు చదవలేకపోయినవాటిది. ఈ రెండిట్లో ఏది సున్నా దాటినా నేనైతే కొత్త డిస్క్ కోసం బయల్దేరతాను.

199 మాత్రం వేరు. డిస్క్‌కీ నాస్ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిన లెక్క అది. సాధారణంగా తప్పు కాంటాక్టుది, డిస్క్‌ది కాదు. చెన్నైలో తిరువాన్మియూర్, బెసంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో దీన్ని ముందుగా అనుమానించాలి. నాస్ ఆపి, ప్లగ్గు తీసి, ట్రే బయటికి లాగి, కనెక్టర్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన పీచులేని గుడ్డతో తుడిచి, ఆరాక మళ్ళీ లోపలిదాకా నెట్టండి. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు కాబట్టి కాగితం మీద రాసుకుని, వారం తర్వాత పెరిగిందా లేదా చూడండి. పెరగకపోతే డిస్క్ డబ్బులు మిగిలినట్టే.

డిస్కే పోయిందని తేలితే, కొత్తది కొనకముందే కాపీ మొదలుపెట్టాలి. ఇంట్లో ఉన్న ఏ యూఎస్‌బీ డిస్క్ అయినా సరే. మళ్ళీ దొరకనివి ముందు, డౌన్‌లోడ్ చేసిన సినిమాలు ఆఖర్న. రీబిల్డ్ (మిగిలిన డిస్క్‌ని చదివి కొత్తదాన్ని నింపడం) కంటే కాపీ ముందెందుకంటే, 4 టీబీ డిస్క్‌లో మీ ఫైళ్ళు 900 జీబీయే ఉంటే కాపీ ఆ 900 జీబీనే చదువుతుంది. చాలా నాస్‌లలో రీబిల్డ్ మాత్రం ఖాళీ చోటుతో సహా 4 టీబీ మొత్తం ఈ చివర నుంచి ఆ చివరికి చదువుతుంది. ఇన్నేళ్ళలో ఎవరూ ముట్టని మూల కూడా ఆ రోజే బయటపడుతుంది. రెండు డిస్కులూ ఒకేరోజు, ఒకే లాట్‌లో కొన్నవైతే రెండోదాని వయసూ అంతే, అది తిన్న వేడీ అంతే. అందుకే సీసీటీవీ రికార్డింగ్, టొరెంట్లు, ఫోటో ఇండెక్సింగ్, నెలవారీ స్క్రబ్బింగ్ (డేటా మొత్తం చదివి సరిచూసుకోవడం) అన్నీ ఆపేసి దానికి ఊపిరి తీసుకోనివ్వండి. ఎలా ఉందో చూద్దామని, డిస్క్ మొత్తం చదివే ఎక్స్‌టెండెడ్ టెస్ట్ కూడా ఇప్పుడు పెట్టొద్దు.

ఇక కొనడం. కొత్త డిస్క్ పాతదానంత ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. ఒక్క సెక్టార్ తక్కువైనా చాలా నాస్‌లు తీసుకోవు. ఇప్పుడొచ్చే 4 టీబీ డిస్కుల్లో మామూలుగా 7,81,40,37,168 సెక్టార్లుంటాయి కాబట్టి కంపెనీ మారినా ఇబ్బంది రాదు.

అంతకంటే పెద్ద విషయం సీఎంఆర్, ఎస్ఎంఆర్ తేడా. సీఎంఆర్ డిస్క్‌లో డేటా రాసే వరసలు, అంటే ట్రాకులు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పక్కపక్కన ఉంటాయి. ఎస్ఎంఆర్‌కి పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. ఎస్ఎంఆర్ డిస్క్‌లో ట్రాకులు ఆ పెంకుల్లాగే ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటాయి. నడుమ ఒక పెంకు మార్చాలంటే దాని మీదికి ఎక్కినవాటినీ కదపాలి కదా, ఇక్కడా అంతే. ఒక ట్రాక్ తిరగరాస్తే పక్కనున్నవీ తిరగరాయాలి. రోజువారీ వాడకంలో ఇది తెలియదు, ఎందుకంటే ముందు ఒక చిన్న భాగంలో రాసుకుని తీరిగ్గా సర్దుకుంటుంది. రీబిల్డ్‌లో గంటల తరబడి ఆగకుండా రాయాలి. ఆ భాగం నిండిపోయాక వేగం పడిపోతుంది, జవాబు ఆలస్యమైతే నాస్ దాన్ని చెడిపోయిన డిస్క్ అనుకుని బయటికి నెట్టేస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవాళ్ళకి ఈ బాధ మరీ ఎక్కువ. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా ఈఎఫ్ఏఎక్స్‌తో ముగిసే మోడళ్ళు ఎస్ఎంఆర్ అని బయటపడింది. ఆ తర్వాతే సీఎంఆర్ డిస్కుల్ని రెడ్ ప్లస్ అని వేరు చేశారు. 8 టీబీలో అదే ఈఎఫ్ఏఎక్స్ అక్షరాలున్న మోడల్ సీఎంఆర్, కాబట్టి అక్షరాలు చూసి ఊహించొద్దు, మోడల్ నంబరు మొత్తం డేటాషీట్‌లో చూసుకోండి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ వరసంతా సీఎంఆరే.

చవకగా వస్తుందని డెస్క్‌టాప్ డిస్క్ కొనడం కూడా నేను ఒప్పుకోను. చదవలేని సెక్టార్ తగిలితే నాస్ డిస్క్ ఏడు సెకన్లు ప్రయత్నించి, రావట్లేదని చెప్పేస్తుంది. ఆ చోటు డేటాని రెయిడ్ మిగతా డిస్కుల నుంచి తెచ్చుకుంటుంది. డెస్క్‌టాప్ డిస్క్ తన పట్టుదలతో నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపు పలకకపోతే పోయిందనే నాస్ లెక్కేస్తుంది.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్తే బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. షాపు ముందే ఫోన్‌లో కంపెనీ వారంటీ పేజీ తెరిచి ఆ నంబరు కొట్టి, ఇండియాలో వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. తేదీ రాకపోతే, లేదా ఏడాది కిందటే మొదలైపోయి ఉంటే, అక్కడే తిరిగిచ్చేయండి. ఇంటికొచ్చాక పవర్ ఆన్ అవర్స్ చూడాలి. అది ఒకటి, రెండు గంటలు మించకూడదు. 2025 మొదట్లో యూరప్‌లో, వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కుల స్మార్ట్ లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. ఫార్మ్ అనే లోపలి రికార్డులో అసలు గంటలు మిగిలిపోవడంతో దొరికిపోయింది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి ఆ రికార్డు మనమే చదువుకోవచ్చు. కాపీ అప్పటికే పూర్తయి ఉంటే, కొత్త డిస్క్‌ని యూఎస్‌బీ డాక్‌లో పెట్టి ఒక రాత్రంతా ఎక్స్‌టెండెడ్ టెస్ట్ నడపండి. కొత్త డిస్కుల్లో చెడ్డది ఉంటే తరచూ మొదట్లోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు పాత డిస్క్ తీయడం. తెరమీద కనిపించే సీరియల్ నంబరు రాసుకోండి. "ఎడమ నుంచి రెండోది" అనే గుర్తుని నమ్మొద్దు. కొన్ని పెట్టెల్లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఒక్క డిస్క్ పోతే మాత్రమే తట్టుకునే నాలుగు డిస్కుల రెయిడ్ 5లో ఒకటి పోయాక, పొరపాటున మంచిదాన్ని లాగితే వాల్యూమ్ మొత్తం కూలిపోతుంది.

హాట్ స్వాప్ ఉన్న, అంటే నడుస్తుండగానే డిస్క్ మార్చగలిగే నాస్ అయితే ఆపకుండానే మార్చమంటాను. ఏళ్ళ తరబడి తిరుగుతున్న డిస్క్ ఒకసారి ఆగితే మళ్ళీ తిరగకపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదాన్ని మిగిలిన డిస్క్‌కి తేవడమెందుకు? మూత విప్పి మార్చాల్సిన పెట్టెలకి మాత్రం షట్‌డౌన్ తప్పదు. మెనూలో ఆ డిస్క్‌ని డీయాక్టివేట్ చేసి, ట్రే గొళ్ళెం ఎత్తి, రెండంగుళాలు మాత్రం బయటికి లాగి ఆగండి. వేళ్ళకి సన్నగా వణుకు తెలుస్తుంది. లోపల పళ్ళేలు ఇంకా తిరుగుతున్నాయన్నమాట. అర నిమిషంలో ఆ వణుకు సన్నగిల్లి ఆగిపోతుంది, అప్పుడు పూర్తిగా తీయండి. లేబుల్ మీద సీరియల్, మీరు రాసుకున్నదీ ఒకటేనా చూడండి. కాకపోతే తీసిన ట్రే పక్కన పెట్టి అక్కడితో ఆగండి. ఇంకో ట్రే ముట్టుకోవద్దు.

స్క్రూల ట్రే అయితే 3.5 అంగుళాల డిస్క్‌కి పట్టేవి 6-32 స్క్రూలు. 2.5 అంగుళాలవాటికి వాడే ఎం3 స్క్రూ చూడటానికి అలాగే ఉంటుంది, మర వేరు. బలవంతంగా తిప్పితే పట్టు దొరకదు, మర పాడవుతుంది. చేత్తోనే బిగించండి, డ్రిల్ వద్దు. డిస్క్‌ని పక్కల పట్టుకోండి, కింది బోర్డుని వేలితో తాకొద్దు. ట్రే లోపలికి వెళ్ళాక టక్‌మని గొళ్ళెం పడేదాకా నెట్టాలి. సగం కూర్చున్న ట్రే నుంచే ఇందాకటి 199 పుడుతుంది.

తెరమీద నొక్కాల్సింది రిపేర్ లేదా రీబిల్డ్. క్రియేట్ కాదు, ఇనిషియలైజ్ అసలే కాదు. డేటా చెరిగిపోతుందని హెచ్చరిక వస్తుంది. అది కొత్త డిస్క్ గురించే అయి ఉండాలి, సీరియల్ చూసుకుని మరీ ఒప్పుకోండి. సెకనుకి సగటున 150 ఎంబీ చొప్పున 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది. వాడుతూ ఉంటే ఒక రోజు దాటొచ్చు. బయటి ట్రాకుల్లో వేగం ఎక్కువ, లోపలికి వెళ్ళేకొద్దీ దాదాపు సగమవుతుంది. కాబట్టి మొదటి సగం గబగబా అయిపోయి, 80 శాతం దాటాక నత్తలా సాగితే భయపడకండి.

చెన్నైలో భయపడాల్సింది వేడికి, కరెంటుకి. కత్తిరి ఎండలు మొదలైన దగ్గర్నుంచి రోహిణి కార్తె వెళ్ళేదాకా, టీవీ కింద మూసిన అరలో నాస్ పెట్టి రీబిల్డ్ నడపొద్దు. బయటికి తీసి బల్లమీద పెట్టి, ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టి, రాత్రి ఏసీ గదిలో నడపండి. 45 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 50 దాటితే గాలి తగిలేలా ఏదైనా చేయాలి. చాలా డిస్కుల హద్దు 60, 65 డిగ్రీలే. ఇంటి ఇన్వర్టర్‌కి ఎకో, యూపీఎస్ అని రెండు మోడ్‌లుంటే యూపీఎస్‌లో పెట్టండి. ఎకోలో కరెంటు మారే ఆ రెప్పపాటుకే నాస్ రీస్టార్ట్ కావచ్చు. విడిగా 600 వీఏ యూపీఎస్ కొని, యూఎస్‌బీ కేబుల్‌తో నాస్‌కి కలిపితే ఇంకా మంచిది. బ్యాటరీ అయిపోయేముందు నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది.

63 శాతం దగ్గర మిగిలిన డిస్క్‌లో చదవలేని చోటు తగిలి రీబిల్డ్ ఆగిపోతే? మళ్ళీ మళ్ళీ రిపేర్ నొక్కొద్దు. నొక్కిన ప్రతిసారీ ఆ డిస్క్ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. దాన్ని తీసి, లైనక్స్ కంప్యూటర్‌కి కలిపి, డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇంకో డిస్క్ మీదికి నకలు తీయండి. చదవగలిగినదంతా ముందు లాగి, మొరాయించిన చోట్లకి తర్వాత తిరిగొస్తుంది అది. ఇందుకే రీబిల్డ్ పూర్తయ్యేదాకా పాత డిస్క్‌ని పారేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు. రెండు డిస్కులూ చెడినవే అయినా చెడిన చోట్లు వేరు వేరుగా ఉండొచ్చు. దీంట్లో లేనిది దాంట్లో దొరుకుతుంది.

రీబిల్డ్ ముగిశాక ఒకసారి స్క్రబ్ నడిపి, ఆపినవన్నీ మళ్ళీ మొదలుపెట్టండి. మిగిలిన పాత డిస్క్ నాలుగైదేళ్ళదైతే ఆరు నెలల్లో దాన్నీ మార్చే డబ్బు పక్కన పెట్టుకోండి. రెండోది వేరే లాట్‌లోది అవుతుంది, అదే కావాలి. తీసేసిన డిస్క్ ఇంకా తిరుగుతుంటే మొత్తం సున్నాలు రాసి చెరిపాకే వారంటీకో ఈ-వేస్ట్‌కో ఇవ్వండి. చివరగా తెల్ల టేపు ముక్క ఒకటి తీసుకుని, దాని మీద కొత్త డిస్క్ సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలూ, పెట్టిన నెలా, సంవత్సరమూ రాసి ట్రే ముందువైపు అంటించండి. పక్క ట్రేకి కూడా.