ప్రతి లైన్ పక్కనా నా పేరే

ఇవాళ మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజ్ అయిపోయింది. మధ్యాహ్నం మేనేజర్ గారి థాంక్స్ మెయిల్ వచ్చింది, డెవలపర్లు, టెస్టింగ్ వాళ్ళు, సర్వర్లు చూసుకునేవాళ్ళు అందరి పేర్లూ ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో గైడ్లు రాసే మా టెక్నికల్ రైటర్ అక్క పేరు లేదు. పక్క సీటే కదా, మెయిల్ చదివి మూసేసి మళ్ళీ పనిలో పడిపోయింది. అడిగితే "పద్నాలుగేళ్ళుగా అలవాటే తమ్ముడూ" అంది. నాకైతే అన్నం సహించలేదు.

ఈ రిలీజ్ పరువు కాపాడింది ఆవిడే మరి. అప్‌గ్రేడ్ గైడ్ కోసం నేనిచ్చిన నోట్స్‌లో డేటాబేస్ మైగ్రేషన్ స్క్రిప్ట్ (పాత డేటాని కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మార్చే ప్రోగ్రాం) రన్ చేయడం 6వ స్టెప్, బ్యాకప్ తీసుకోవడం 7వ స్టెప్. ఇంకో ఇద్దరు రివ్యూ చేశారు, ఎవ్వరికీ కనపడలేదు, ఎందుకంటే మేం రోజూ చేసే పని, చేతులు వాటంతటవే ముందు బ్యాకప్ తీసేస్తాయి, గైడ్ ఎవరు చూస్తారు. అక్క మాత్రం ఏ గైడైనా ఖాళీ మెషీన్ మీద మొదటి స్టెప్ నుంచి తనే చేసి చూస్తుంది. మంగళవారం రాత్రి 9 గంటలకి ఫోన్ చేసి "స్క్రిప్ట్ పాత కాలమ్స్ తీసేశాక బ్యాకప్ తీస్తే అందులో ఏముంటుంది తమ్ముడూ" అంది. ఏ కస్టమరైనా గైడ్ నమ్మి అలాగే చేసుంటే పాత డేటా పోయినట్టే.

సాయంత్రం ఆ గైడ్ మీద గిట్ బ్లేమ్ కొట్టి చూశా, ఏ లైన్ చివరిసారి ఎవరు మార్చారో చూపించే కమాండ్ అది. ప్రతి లైన్ పక్కనా నా పేరే. అక్కకి రిపోలో, అంటే మా ఫైళ్ళన్నీ ఉండే చోట, యాక్సెస్ లేదు, వర్డ్ ఫైల్ పంపిస్తుంది, నేను కాపీ పేస్ట్ చేసి కమిట్ చేస్తా (అంటే నా పేరుతో అక్కడ సేవ్ చేస్తా), రెండేళ్ళుగా ఇదే పద్ధతి, ఆవిడ కష్టమంతా నా ఖాతాలో పడుతోందని ఒక్కసారి కూడా తట్టలేదు. చాలా సిగ్గేసింది.

2017లో, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ వాళ్ళ ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ (ఇలాంటి గైడ్లు) అరకొరగా, పాతబడిపోయి ఉండటమే సమస్య అన్నారు, కంట్రిబ్యూటర్లలో 60 శాతం మంది ఆ పని ఎప్పుడో తప్ప చేయమనో, అసలు చేయమనో అన్నారు. అంత లోటున్న పని చేసే మనిషికి మెయిల్‌లో ఒక లైన్ దక్కదు! టీ తాగుతూ అక్క ఎస్‌టీసీ గురించి చెప్పింది, అమెరికాలో 1953లో మొదలైన టెక్నికల్ రైటర్ల సంఘం, మంచి మాన్యువల్స్‌కి పోటీలు పెట్టి అవార్డులిచ్చేది, 2025 జనవరిలో డబ్బులు చాలక మూతపడిందట. దాని సంగతి నేనేం చేయలేను, కమిట్‌లో పేరు మాత్రం నా చేతిలో పనే.

ముందు ఆ మెయిల్‌కి రిప్లై ఆల్ కొట్టి 6, 7 స్టెప్పుల కథంతా రాశా. ఊరికే థాంక్స్ చెప్తే లాభం లేదు, ఏం పట్టుకుందో రాస్తేనే రేపు అప్రైజల్‌లో చూపించుకోడానికి ఉంటుంది. టెక్నికల్ రైటర్ల అప్రైజల్ ఫారంలో ఎన్ని పేజీలు రాశావని అడుగుతారు, 40 పేజీల గైడ్‌ని అర్థమయ్యేలా 12 పేజీలకి తెచ్చిన మనిషి ఆ గడిలో ఏం రాయాలి?

తర్వాత యాక్సెస్ ఇప్పించి, గంటసేపు కూర్చుని, మార్పులు విడిగా చేసుకునే బ్రాంచ్, వాటిని కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్ అన్నీ చూపించా. ఎప్పుడైనా నేనే కమిట్ చేయాల్సొస్తే కింద కో-ఆథర్డ్-బై అని ఆవిడ పేరూ మెయిల్ ఐడీ పెడతా, గిట్‌హబ్ ఇద్దరి పేర్లూ చూపిస్తుంది. ఏడున్నరకి అక్క మొదటి కమిట్ పెట్టింది, ఒకే ఒక్క వాక్యం, బ్యాకప్ ఫైల్ తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్ళమని. మాలో ఎవరికీ ఇన్నాళ్ళూ తట్టని వాక్యం. అది మెర్జ్ అయ్యి గైడ్‌లో కలిశాక ఆ లైన్ పక్కన తన పేరు చూసుకుంది, పేజీ ఇంకోసారి రిఫ్రెష్ చేసి మళ్ళీ చూసుకుంది.

సోమవారం ఆ అప్రైజల్ ఫారం సంగతి మేనేజర్ గారితో మాట్లాడాలి.